కన్యారాశి పిల్ల

వారపత్రిక ఇంటికి రాగానే సీరియల్ మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు సీరియల్ పేజీ తీస్తారు. పెళ్ళీడు ఆడపిల్లలున్న ఇంట్లో మాత్రం ముందుగా తెరుచుకునేది రాశిఫలాల పేజీ. అందులోనూ అమ్మాయిలకని ప్రత్యేకంగా మాసఫలాలు వేశారంటే ఇక చెప్పనే అక్కరలేదు. అమ్మ వంటింట్లోంచే కేకేస్తుంది, "కన్యకి ఏం రాశారే?" అని.

కన్యకి ఏం రాస్తారో పేజీ చూడకుండానే చెప్పగలను. మా ఇంట్లో ఆ గడి అన్నిసార్లు చదివాం. శుభ్రత ఎక్కువ, సిగ్గు ఎక్కువ, ఖర్చు తక్కువ. ఎదుటివాళ్ళ తప్పు ఇట్టే పట్టేస్తుంది గాని పైకి అనదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. కడుపులో కాస్త అజీర్తి. పెళ్ళి కొంచెం ఆలస్యం. మూడోవారంలో శుభవార్త వినే అవకాశం. నీలం రంగు చీర ఈ నెల కట్టకపోవటం మంచిది.

కడుపులో అజీర్తి సంగతి పక్కనపెడితే, ఇవి రాశి లక్షణాలా, లేక ఏ అత్తగారైనా కోడలికి వుండాలని కోరుకునే లక్షణాలా అని నాకు ఎప్పుడూ అనుమానమే. ఆ అనుమానం ఊరికే రాలేదు. మా ఇంట్లో కన్యారాశివాళ్ళు ఇద్దరు. మా చెల్లెలిది హస్తా నక్షత్రం. తమ్ముడిది చిత్త మొదటి పాదం. ఇద్దరిదీ ఒకటే రాశి, ఇద్దరికీ బుధుడే అధిపతి. అయితే "కన్యారాశి పిల్ల, సర్దటం దానికి పుట్టుకతో వచ్చిన గుణం" అని బీరువా సర్దే పని చెల్లెలికి వచ్చింది. "కన్యారాశి వాడు, లెక్కలు వాడి సొత్తు" అని తమ్ముడికి ట్యూషన్ వచ్చింది. మరి లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నది చెల్లెలు. తమ్ముడి పుస్తకాలు ఎప్పుడూ మంచంకిందే వుండేవి. వాటిని తీసి సర్దేదీ చెల్లెలే.

అసలు కన్యారాశి అంటే ఒకే రకం పిల్లలు కారు. ఉత్తర చివరి మూడు పాదాలు, హస్త నాలుగు పాదాలు, చిత్త మొదటి రెండు పాదాలు, వెరసి తొమ్మిది పాదాలు కలిస్తే ఒక రాశి. ఇందులో ఉత్తర మనుష్యగణం, హస్త దేవగణం, చిత్త రాక్షసగణం. దేవతా మనిషీ రాక్షసీ ముగ్గురూ ఒకే గదిలో కాపురం అన్నమాట! శాస్త్రమే ఇలా మూడు విధాలుగా విడదీసి చెబుతూండగా, పత్రికలో మాత్రం నాలుగు వాక్యాలు రాసి ముగ్గురి నెత్తినా ఒకటే అక్షింతలు వేస్తారు. చిత్తలో పుట్టిన అమ్మాయి సిగ్గరి అని నమ్మించాలంటే, ఆ అమ్మాయిని ముందు ఎవరూ చూసి వుండకూడదు.

ఇంతకూ మీ అమ్మాయిది కన్యారాశి అని మీకెలా తెలుసు? ఈ ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. పుట్టినప్పుడు చంద్రుడు కన్యలో వుంటే అది జన్మరాశి. పుట్టిన వేళ రాసిపెట్టుకోని ఇళ్ళలో పేరులోని మొదటి అక్షరం పట్టి చూస్తారు. టో, పా, పీ, పూ, షం, ణా, ఠా, పే, పో అన్నవి కన్యకు చెందిన అక్షరాలు. ణా, ఠా అక్షరాలతో ఆడపిల్లకు పేరెలా పెడతారో నాకిప్పటికీ తెలియదు గాని, పార్వతులూ పద్మలూ మాత్రం ఈ దారినే కన్యలో చేరిపోతారు. ఇది నామరాశి. ఇక మూడోది ఇంగ్లీషు పత్రికల రాశి. అది చంద్రుణ్ణి చూడదు, సూర్యుణ్ణి చూస్తుంది. ఆగస్టు 23 మొదలు సెప్టెంబరు 22 దాకా పుట్టినవాళ్ళందరూ వాళ్ళకు కన్యలే. ఈ పద్ధతి పత్రికల్లో పాకటం మరీ పాతకాలపు మాటేమీ కాదు. 1930 ఆగస్టులో లండన్‌లో సండే ఎక్స్‌ప్రెస్ పత్రిక, అప్పుడే పుట్టిన రాకుమారి మార్గరెట్ జాతకాన్ని నేలర్ అనే ఆయన చేత రాయించి అచ్చువేసింది. అది జనానికి నచ్చింది. అక్కణ్ణుంచి పత్రికల్లో జాతకాల గడులు లేచాయి. చూడండి, దానికీ మూలం ఒక ఆడపిల్ల జాతకమే.

చిక్కేమిటంటే, మన లెక్క ప్రకారం సూర్యుడు కన్యలో అడుగుపెట్టేది సెప్టెంబరు 17 ప్రాంతాల. ఆగస్టు 30న పుట్టిన పిల్ల ఇంగ్లీషు పత్రికలో కన్య, మన పంచాంగంలో సూర్యుడున్నది సింహంలో, చంద్రుడేమో ఆ రోజున ఎక్కడైనా వుండవచ్చు. నాతో చదువుకున్న ఒకమ్మాయి ఇలాగే మూడు రాశుల ఫలాలూ చదువుకుని, బాగున్నదాన్ని ఆ వారానికి తనది చేసుకునేది. అంతకంటె తెలివైన పద్ధతి ఇంతవరకు నాకు కనబడలేదు.

ఈ ఇరవైఅయిదు రోజుల తేడా ఎందుకు వచ్చిందో చెప్పే చుక్క కూడా కన్యలోనే వుంది. అదే చిత్త. రెండువేల ఏళ్ళకు పైబడిన నాడు హిప్పార్కస్ అనే గ్రీకు జ్యోతిర్విదుడు, తనకు నూటయాభై ఏళ్ళ ముందువాళ్ళు ఈ చుక్క వున్నదని రాసిన చోటును, తన కంటికి కనబడ్డ చోటుతో పోల్చి చూశాడు. దాదాపు రెండు డిగ్రీలు జరిగివుంది. చుక్క కాదు జరిగింది, మనం కొలత మొదలుపెట్టే విషువద్బిందువే వెనక్కి జరుగుతోంది, 72 ఏళ్ళకు సుమారు ఒక డిగ్రీ చొప్పున. ఇంగ్లీషువాళ్ళు ఆ జరిగే బిందువు నుంచే లెక్క కడతారు. మనం చుక్కల నుంచి కడతాం. 1952లో మన ప్రభుత్వం మేఘనాథ్ సాహా అధ్యక్షుడుగా పంచాంగ సంస్కరణ సంఘాన్ని వేసినప్పుడు, ఆ సంఘం ఈ చిత్తనే గుర్తుగా పెట్టుకుని లెక్క సరిచేసి 1955లో నివేదిక ఇచ్చింది. మన ప్రభుత్వ పంచాంగాలకు కొలబద్ద అన్నమాట, కన్య చేతిలోని చుక్క.

చేతిలో అని ఎందుకన్నానంటే, అసలీ కన్య బొమ్మ చాలామంది చూసి వుండరు. పత్రికలవాళ్ళు జడవేసుకుని పువ్వు పట్టుకున్న పిల్లను వేస్తారు. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో చెప్పిన కన్య వేరు. ఆవిడ పడవలో వుంటుంది. ఒక చేత పైరు, ఒక చేత నిప్పు. అంతే. పడవ నడిపేవాడి మాట లేదు. ఒడ్డున ఎదురుచూసే వరుడి మాట లేదు. పంటా పొయ్యీ రెండూ తనతో పెట్టుకుని నీళ్ళమీద పోతున్న పిల్ల. ఈ బొమ్మ చూసిన దగ్గరనుంచి సిగ్గరి, బెదురుగొడ్డు అనే మాటలు నాకు ఎక్కడం మానేశాయి.

వరాహమిహిరుడు ఇంకో చిత్రం కూడా చేశాడు. రాశులకు గ్రీకు పేర్లూ ఇచ్చాడు. కన్యకు పాథోనమని పేరు. గ్రీకులో పార్థెనోస్ అంటే కన్యే. అక్కడి కథల్లో ఆమె పంటల తల్లి దిమిత్రా అని కొందరు, ధర్మదేవత ఆస్ట్రియా అని కొందరు అంటారు. ఆస్ట్రియా కథ బాగుంటుంది. మనుషులు మంచిగా వున్నన్నాళ్ళూ దేవతలందరూ భూమ్మీదే వుండేవారట. మనుషులు చెడ్డకొద్దీ ఒక్కొక్కరే వెళ్ళిపోగా, చిట్టచివరిదాకా ఓపికపట్టి, ఇక లాభంలేదని ఆకాశానికి వెళ్ళిపోయిన ఆడది ఆస్ట్రియా. ఇంటిపట్టున చివరిదాకా ఓపికపట్టే ఆడవాళ్ళు గ్రీసులోనూ వున్నారన్నమాట. చిత్త చుక్కకు వాళ్ళు పెట్టుకున్న పేరుకు అర్థం ధాన్యపు కంకి. అక్కడా ఇక్కడా ఆ చేతిలో వున్నది పైరే.

రాశికి అధిపతి బుధుడు. ఆయనకు ఇది సొంత ఇల్లే గాక ఉచ్చస్థానం కూడా. తన ఇంట్లో తానే ఉచ్చపొందే గ్రహం ఈయనొక్కడే. ఈయన పుట్టుక కథ పిల్లల ముందు ఎవరూ చెప్పరు. బృహస్పతి భార్య తార, చంద్రుడు, వాళ్ళ గొడవ, దేవతల యుద్ధం, చివరికి పసివాడు ఎవరి కొడుకని తారను సభలో నిలబెట్టి అడగటం. అడగవలసిన వాళ్ళు అడిగారు, చెప్పవలసింది ఆవిడ చెప్పింది. ఆ పసివాడే బుధుడు. ఇక శుక్రుడికి కన్య నీచస్థానం. శుక్రుడంటే కళత్రకారకుడు గదా, పెళ్ళి చేయించేవాడు. అందుచేత కన్యారాశి అనగానే "తెలివి హెచ్చు, పెళ్ళికి తగ్గు" అనే మాట పుట్టింది కాబోలు. ఒక గ్రహం ఆ ఇంట్లో బలంతప్పిందంటే ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు తక్కువేమిటని ఎవరూ అడగరు.

ఇక మాసఫలాల కిటుకు చెబుతాను, విడ్డూరంగా వుంటుంది. నెలకొక రాశి మారేది సూర్యుడు గనక మాసఫలం ఎక్కువగా ఆయన మీదే నడుస్తుంది. జన్మరాశి నుంచి లెక్కిస్తే సూర్యుడు 3, 6, 10, 11 ఇళ్ళలో మంచివాడని గోచారం చెబుతుంది. కన్యకు మూడో ఇల్లు వృశ్చికం, ఆరు కుంభం, పది మిథునం, పదకొండు కర్కాటకం. అంటే నవంబరు 16 మొదలు ఒక నెల, ఫిబ్రవరి 13 మొదలు ఒక నెల, జూన్ 15 నుంచి రెండు నెలలు. సూర్యుడొక్కడి మాటే అయితే ప్రతి యేడూ అవే నాలుగు నెలలు మంచివి, ఆడపిల్లలకైనా అవ్వలకైనా. పరీక్షలు ఫిబ్రవరి నెలాఖరున పెడితే కన్యారాశి పిల్లలకు ఆరింట సూర్యుడు, ఢోకా లేదు. మార్చి 14 దాటిందంటే ఏడింట, తిరుగుళ్ళూ కడుపునొప్పీ. పరీక్షల్లో కడుపునొప్పి రాని పిల్లలు ఏ రాశిలో వున్నారో మరి. ఏప్రిల్ 14న సూర్యుడు మేషంలోకి వస్తే కన్యకు ఎనిమిదోయిల్లు, అష్టమ రవి. దేహతాపం, మనస్తాపం అని రాస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మా కృష్ణాజిల్లా గుంటూరుజిల్లాల్లో దేహతాపం లేనివాళ్ళెవరో కాస్త చూపించమనండి! పెళ్ళిసంబంధాలు తిరిగేదీ ఆ వేసవిలోనే గనక మనస్తాపమూ సరిపోతుంది.

అలాంటి ఒక వేసవి మా ఇంట్లో జరిగింది.

1980లో బృహస్పతి కన్యలో ప్రవేశించాడు. అలా ప్రవేశించినప్పుడే కృష్ణానదికి పుష్కరాలు. తెనాలి నుంచి మేమందరం బెజవాడ వెళ్ళి స్నానాలు చేసివచ్చాం. కన్యలో గురుడు కృష్ణకు పుణ్యకాలం తెచ్చాడని ఊరూవాడా సంబరపడింది. ఆ గురుడే మా చెల్లెలికి జన్మగురుడయ్యాడు. అంటే స్థానచలనం, కార్యవిఘ్నం. నదికైతే పండుగ, పిల్లకైతే దోషం. ఇదిలా వుండగా శని అప్పటికే కన్యలో కూర్చుని వున్నాడు. ఏలినాటి శని, అందులోనూ జన్మశని. పోనీ ఇద్దరూ ఆ రాశిలో ఏ మూలో వున్నారా అంటే, సరిగ్గా హస్తా నక్షత్రంలోనే. 1981 జనవరికీ జూలైకీ మధ్య గురుశనులు మూడుసార్లు కలుసుకున్నారు. మూడుసార్లూ హస్తలోనే. ఇలా ఒకే ఏడు మూడుసార్లు కలవటం మనిషి జన్మలో ఒకటి రెండుసార్లు చూడగలిగితే గొప్ప. మా చెల్లెలు బియ్యెస్సీ చివరి సంవత్సరం చదువుతున్న ఏడే ఆ గొప్ప సంభవించింది.

ఆ మార్చిలో గోదావరి అవతల నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు ఇంజనీరు. మర్యాదస్థులు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడు మా చెల్లెల్ని ఏం చదువుతున్నావని కాక, ఏ లెక్కలంటే ఇష్టమని అడిగాడు. దాంతో ఆ పిల్లవాడంటే మా అందరికీ గురి కుదిరింది. చెల్లెలు పైకేమీ అనలేదు గాని ఆ రోజు బీరువా రెండుసార్లు సర్దింది.

జాతకాలు సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళాయి. పిల్లవాడిది భరణి, మేషరాశి. మేషానికి కన్య ఆరోది, కన్యకు మేషం ఎనిమిదోది. షష్ఠాష్టకం. మొత్తం 36 గుణాల్లో రాశికూటానికి 7 గుణాలు. ఆ ఏడూ సున్న. మిగతా వాటిలో నాడి, గణం లాంటివి బాగానే కుదిరి సగానికి పైగానే వచ్చాయి గాని, షష్ఠాష్టకమన్న మాట ఒకసారి చెవినబడ్డాక మిగతా అంకెలు ఎవరికి కావాలి? పైగా జన్మశని, జన్మగురుడు. దానికి తోడు శుక్రమూఢం నడుస్తోంది. మూఢం వెళితే గాని ముహూర్తం లేదు గనక ఆలోచించుకోవటానికి రెండు నెలలు వ్యవధి దొరికింది. ఆ రెండు నెలలూ మా ఇంట్లో కంచాల చప్పుడు తప్ప వేరే మాట లేదు.

చెల్లెలు నాన్నగారిని ఒకటే అడిగింది. "తమ్ముడిదీ కన్యారాశే గదా నాన్నా. వాడికీ జన్మశనేనా?"

నాన్నగారు సిద్ధాంతిగారి వంక చూశారు. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "మగపిల్లవాడికి శని పని చేయిస్తాడమ్మా. ఆడపిల్లకి ఆటంకం పెడతాడు."

అక్కడే వున్న తమ్ముడు, పాపం, "నాచేత ఏమీ చేయించటం లేదండీ" అన్నాడు. అది నిజమే.

ఉపాయం కూడా సిద్ధాంతిగారే చెప్పారు. చెల్లెల్ని ఇంట్లో పిలిచే పేరు "ల" అక్షరంతో మొదలవుతుంది. "లా" అశ్వినీ నక్షత్రం నాలుగో పాదం. అంటే మేషరాశి. పుట్టిన వేళ సరిగా రాసుకోలేదని చెప్పి నామనక్షత్రం చూపిస్తే అమ్మాయిది అశ్విని, అబ్బాయిది భరణి. ఇద్దరిదీ ఒకటే రాశి, నక్షత్రాలు వేరు. దివ్యంగా పొంతన కుదురుతుంది. షష్ఠాష్టకం పోయింది, జన్మశని పోయింది, గురుడూ పోయాడు. ఒక్క అక్షరంతో! అమ్మ మొహం విప్పారింది. నాక్కూడా, చెప్పొద్దూ, హమ్మయ్య అనిపించింది.

చెల్లెలికి అనిపించలేదు. "పుట్టిన దగ్గర్నుంచీ కన్యారాశి పిల్లవని ఇల్లంతా నాచేత సర్దించారు. ఇరవైయేళ్ళు సర్దాక ఇవాళ నేను మేషమా?" అంది. తరవాత గొంతు తగ్గించి, "జాతకం నమ్మితే నాదే పంపండి నాన్నా. నమ్మకపోతే అసలు పంపకండి. ఇంకొకళ్ళది నాదని పంపితే, అక్కడికి వెళ్ళాక నేనెవరిలా వుండాలి?" అంది.

బామ్మ అంతదాకా జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. ఆవిడ మడికీ ఆచారానికీ పెట్టింది పేరు. చెల్లెలి పక్షం మాట్లాడుతుందని ఎవరమూ అనుకోలేదు. "సీతమ్మ పెళ్ళి ఉత్తరఫల్గునిలో చేశారురా. వసిష్ఠుడూ విశ్వామిత్రుడూ శతానందుడూ వుండి చేశారు. ఏం సుఖపడింది తల్లి?" అంది నాన్నగారితో. కాస్సేపాగి, "ఆవిణ్ణి విడిపించటానికి రాముడు కిష్కింధ నుంచి సేనతో కదిలిందీ ఆ ఉత్తరఫల్గునిలోనే. మంచికీ ఆ చుక్కే, చెడ్డకీ ఆ చుక్కే. దాన్ని చదువుకోనీ" అని మళ్ళీ మాల తిప్పుకుంది. రామాయణం నేను తరువాత తీసి చూశాను. బాలకాండలోనూ యుద్ధకాండలోనూ బామ్మ చెప్పినట్టే వుంది.

భాస్కరాచార్యుడి కూతురు లీలావతి కథ కూడా ఆ రోజుల్లోనే చెల్లెలు నాకు చెప్పింది. ఆ పిల్లకు పెళ్ళి ఒకే ఒక్క ఘడియలో జరగాలని, తప్పితే కీడని తండ్రి లెక్కగట్టి, అడుగున చిల్లి వున్న గిన్నెను నీళ్ళమీద వదిలి ఘటికాయంత్రం పెట్టాడట. పిల్ల వేడుకకొద్దీ వంగి చూడగా నగలోని ముత్యం జారి చిల్లికి అడ్డంపడింది. గిన్నె మునగలేదు, ఘడియ దాటిపోయింది. తండ్రి ఓదార్చి కూతురి పేరున లెక్కల పుస్తకం రాశాడు. పుస్తకం 1150 నాటిదని తెలుస్తోంది. కథ మాత్రం 1587లో ఫైజీ చేసిన పారసీ అనువాదంలో చెప్పింది. కట్టుకథే కావచ్చు. "ఘడియ తప్పిపోయినా పుస్తకం మిగిలింది గదా అక్కయ్యా" అంది చెల్లెలు. నాకు మాత్రం ఆ పిల్ల వంగి చూడటమే జ్ఞాపకం వుండిపోయింది. తన ముహూర్తం తాను చూసుకోవటానికి వంగిన పిల్ల!

మా పిల్లా అదే చేసింది. చైత్రమాసం వచ్చింది. చైత్రమంటేనే పున్నమినాడు చంద్రుడు చిత్త దగ్గర వుండే నెల. అంతకు ముందు నెల ఫాల్గునానికీ ఫల్గుని నుంచే పేరు. తెలుగువాళ్ళ సంవత్సరం ముగిసేదీ మొదలయ్యేదీ కన్య గుమ్మంలోనే అన్నమాట. ఆ ఉగాదికి వచ్చిన సంవత్సరం పేరు దుర్మతి. ఏ రాశివాళ్ళకైనా అంతకంటె దడిపించే పేరు వుండదు. రాత్రి భోజనాలయ్యాక చెల్లెలు నన్ను డాబా మీదికి తీసుకుపోయింది. సప్తర్షుల తోక వంపు పట్టుకుని పోతే ఎర్రటి స్వాతి, ఆ వంపునే ఇంకా కిందికి పోతే తెల్లటి చిత్త. దానికి కుడివైపున, కాస్త దిగువగా అయిదువేళ్ళలా హస్త. ఆ పైన రెండు పెద్ద చుక్కలు పక్కపక్కన వెలుగుతున్నాయి. ఒకటి బాగా తెల్లగా, ఒకటి కొంచెం పసుప్పచ్చగా.

"గురుడూ శనీ. పంచాంగం అబద్ధం చెప్పలేదక్కయ్యా. ఇద్దరూ అక్కడే వున్నారు" అంది. చాలాసేపు చూసింది. "నన్నేమీ అనటం లేదు" అంది.

చిత్త వెలుగు మనదాకా రావటానికి సుమారు 250 ఏళ్ళు పడుతుందని అప్పుడే చెప్పింది. అంత దూరం నుంచి బయల్దేరిన వెలుగు మా తెనాలి డాబా మీద పడుతూంటే, కింద గదిలో నాన్నగారు ఉత్తరం రాస్తున్నారు.

నాన్నగారు ఉన్నదున్నట్టు రాశారు. అమ్మాయిది హస్త, కన్యారాశి, షష్ఠాష్టకం వుంది, ఏలినాటి శని వుంది, మాకు సమ్మతమే, మీ అభిప్రాయం తెలియజేయవలసింది అని. అటునుంచి మూఢం వెళ్ళేదాకా జవాబు రాలేదు. వెళ్ళాక నాలుగు పంక్తుల కార్డు వచ్చింది, పెద్దవాళ్ళు సందేహిస్తున్నారని. పిల్లవాడు ఏమన్నాడో అందులో లేదు. చెల్లెలు ఆ కార్డు చదివి, మడతపెట్టి, నాన్నగారి బల్లమీదే పెట్టేసింది. ఆ రాత్రి డాబా మీదికి ఒక్కతే వెళ్ళింది. నేను వెంట వెళ్ళలేదు. జన్మశని వల్ల కార్యం చెడిందని అమ్మ అన్నది. కార్డు వల్ల చెడిందని నేనంటాను. ఏదైనా చెడటం చెడింది, పిల్ల ఏడ్చింది.

స్థానచలనం మాత్రం జరిగింది. ఆ ఏడే ఎమ్మెస్సీకి వాల్తేరు వెళ్ళింది. తమ్ముడికీ జన్మశని అదే రోజుల్లో నడిచింది గాని, వాడి డిగ్రీ తప్పినప్పుడు శనిని ఎవరూ తలచుకోలేదు, పేపరు కష్టంగా ఇచ్చారన్నారు.

చెల్లెలు లెక్కలు చెప్పే ఉద్యోగంలో చేరాక, తరువాత మూడేళ్ళకు పెళ్ళయింది. ఈసారి 27 గుణాలు కలిశాయి. కలిసిన 27 గుణాలూ ఎక్కడుంటాయో ఎప్పుడూ కనబడవని, మిగిలిన 9 మాత్రం రోజూ కాఫీ వేళకు వచ్చి కూర్చుంటాయని చెల్లెలంటుంది. ఇప్పుడైతే చేతిఫోనులో రెండు పుట్టినవేళలు వేస్తే కన్నుమూసి తెరిచేలోగా 36కి ఎన్నో చెప్పేస్తోంది. ఆ సున్నలూ ఏడులూ పాతవే. సిద్ధాంతిగారైతే ఎదురు ప్రశ్న వేయటానికి మనిషైనా వుండేవారు.

ఓ ఉగాదికి వాళ్ళింటికి వెళ్ళాను. మరిదిగారు పంచాంగం తీసి రాశుల వారీగా ఆదాయవ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదువుతున్నారు. చెల్లెలు వంటింట్లో వేపపువ్వు దూస్తోంది. కన్య దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు కాస్త తగ్గింది.

"అవమానం ఎంతండీ?" అంది లోపల్నుంచి.

"ఆరు."

"కిందటేడు?"

ఆయన పాత పంచాంగం వెతికి తీశారు. "ఏడు."

"అయితే ఒకటి తగ్గించారు. ఎవరు తగ్గించారో కనుక్కుని, పచ్చడి తిందురుగాని రండి" అంది.